ఖాళీ గది మోత

అరబ్బు దేశంలో, హవల్లీ పేటలో కూరగాయల బజారు వెనకున్న ఆ ఐదంతస్తుల మేడకి పొమ్మంటే, టాక్సీవాళ్ళు కూడా ఒకసారి అద్దంలోంచి మన మొహం చూస్తారు. "మూడో అంతస్తుకేనా?" అంటారు. కాదంటేనే తేలిగ్గా బండి తిప్పుతారు.

మేడంతా మంచిదే. పేరు పాడైంది మూడో అంతస్తు చివరి గదికి.

పక్క దేశం సైన్యం వచ్చి ఆక్రమించిన ఏడు నెలల్లో ఆ గదిలో ఎవరినో పెట్టారనీ, ఆ మనిషి బయటికి రావడం ఎవరూ చూడలేదనీ కొందరంటారు. కాదు, అంతకు ముందెప్పుడో అక్కడ బట్టలు కుట్టే ఒంటరి మనిషి ఉండేదనీ, వేసవిలో ఊపిరాడక పోయిందనీ ఇంకొందరంటారు. ఎవరి మాట నిజమో తేల్చుకోవాలని ఎవరికీ లేదు. గదిలో ఏదో ఉంది... అంతవరకు అందరూ ఒప్పుకుంటారు.

తర్వాత ఆ అంతస్తు ఒక సౌండ్ స్టూడియోవాళ్ళు తీసుకున్నారు. చివరి గది గోడలకి దళసరి గుడ్డ కొట్టించి, మధ్యలో మైకు పెట్టారు. మైకు మీద కప్పులో ఏసీ జాలీ. మొదటి ఏడాదే వార్తలు చదివే అమ్మాయి ఒకతి వాక్యం మధ్యలో లేచి బయటికొచ్చేసింది. తన చెవి పక్కన ఎవరో ఊపిరి తీశారంది. చెప్పులు కూడా తీసుకోలేదు, మర్నాడు తమ్ముణ్ణి పంపించి తెప్పించుకుంది.

ఆ రోజు నుంచి గదికి తాళం.

ఆ తాళం మళ్ళీ తీసింది ఫిర్యాల్.

ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. అమ్మానాన్నలు నాబ్లుస్ అనే ఊరి నుంచి వచ్చారు గానీ ఆమె పుట్టింది, పెరిగింది హవల్లీలోనే. రికార్డు చేసిన మాటల్లోంచి పనికిరాని చప్పుళ్ళు తీసేయడం ఆమె పని. దెయ్యాలంటే భయం లేదు. మనుషులంటేనే అనుమానం. అంతకు ముందు పనిచేసిన చోట, తోటి ఉద్యోగి ఒకడు ఆమె శుభ్రం చేసిన రికార్డుల్లో కావాలనే గీరుడు చప్పుడు కలిపి, ఆమెను పంపించేసి ఆ కుర్చీలో తను కూర్చున్నాడు. అప్పటి నుంచి ఫిర్యాల్ ఏ చప్పుడు విన్నా ముందు అడిగేది ఒక్కటే — ఇది ఎవరి పని?

తాళం తీయించింది బూ ఘానిమ్.

నలభై ఏళ్ళు రేడియోలో నాటకాలాడిన మనిషి. ఓడ కెప్టెన్, కెప్టెన్ పెళ్ళాం, వాళ్ళింట్లో చిలక... ముగ్గురి గొంతులూ ఒక్కడే పలికేవాడు. ఇప్పుడు డెబ్భై మూడేళ్ళు. గొంతులో గడ్డ. ఆదివారం ఆపరేషన్. తర్వాత ఈ గొంతు ఉంటుందని ఆశ పెట్టుకోవద్దని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ముత్యాల కోసం సముద్రంలో మునిగే తండ్రి దగ్గర తను విన్న పన్నెండు కథలు మనవళ్ళకి తన గొంతుతో మిగల్చాలని ఆయన కోరిక. శనివారం నుంచి గురువారం దాకా రాత్రికి రెండు కథలు. తప్పితే మళ్ళీ చెప్పడానికి గొంతుండదు.

"పెద్ద గదిలో నా గొంతు తప్పిపోయిన మేకలా తిరుగుతోంది బిడ్డా. ఆ చిన్నది తెరువు," అన్నాడు.

"బాబాయ్, ఆ గది గురించి—"

"విన్నాను. నా వయసులో దెయ్యాలు కూడా సలాం చెప్పి తప్పుకుంటాయిలే."

ఆగస్టు నెల. పగలు రోడ్డు మీద చెప్పు అంటుకుంటుంది. రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. ఏసీ ఆపే ప్రశ్నే లేదు. మేడ మొత్తానికి ఒకటే యంత్రం, డాబా మీద. దాని తాళం కాపలావాడు అబ్దుస్సబూర్ దగ్గర. పైగా వేడి తగిలితే బూ ఘానిమ్ గొంతు పట్టేస్తుంది.

అందుకని జాలీలోంచి మోత... గూఁ... అని. ఆగదు, తగ్గదు.

ఆ మోత తీసే పద్ధతి ఒకటుంది. కథ మొదలయ్యే ముందు అందరూ నోరు మూసుకుని అరనిమిషం ఖాళీ గదిని రికార్డు చేస్తారు. కంప్యూటర్‌కి దాన్ని చూపించి, 'ఇదీ మోత' అని చెబుతారు. అది నేర్చుకుని, కథంతటిలోంచి అలాంటిదాన్ని తీసేస్తుంది. కథకుడు ఊపిరి కోసం ఆగిన చోటల్లా మిగిలిన కాస్త చప్పుడు కూడా ఫిర్యాల్ తన చేత్తో కత్తిరించి మూసేస్తుంది. చివర్లో తీసేసిన చెత్తనంతా విడిగా వింటుంది. మోతతోపాటు మనిషి గొంతు తునక ఏదైనా కొట్టుకుపోయిందేమోనని.

సోమవారం మధ్యాహ్నం, ముందు రాత్రి చెప్పిన కథ చెత్తని హెడ్‌ఫోన్లలో అలాగే వింటోంది.

గూఁ... గూఁ...

మోతలో ఏదో గరగర. బూ ఘానిమ్ గొంతేమోనని భయపడింది. ఆ చెత్తలోంచి మళ్ళీ ఒక పొర మోత తీసింది. ఇంకో పొర తీసింది.

అప్పుడు వినిపించింది.

ఆడగొంతు. చాలా దూరంగా... అయినా చెవిలోనే ఉన్నట్టుగా.

"...అమ్మా..."

ఫిర్యాల్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. బయట ఎండ ఫెళఫెళలాడుతోంది. కింద పుచ్చకాయలవాడు అరుస్తున్నాడు. మళ్ళీ పెట్టుకుని వింది.

"...అమ్మా..."

అరబీలో అమ్మ అంటే మేనత్త. ఎవరో మేనత్తని పిలుస్తున్నారు. ఫిర్యాల్‌కి ఇద్దరన్నలు, ఐదుగురు మేనకోడళ్ళు. ఈ సంగతి మేడలో అందరికీ తెలుసు.

ఇది ఎవరి పని?

మిగతా రికార్డులు తీసి చూసింది. శనివారం మొదటి కథలో లేదు. రెండో కథ నుంచి ఉంది. ఒకచోట "అమ్మా". ఇంకోచోట ఇంకేదో మాట... "నీలు... నీలు..." అని రెండుసార్లు. నీల్ అంటే నైలు నది.

నైలు ఒడ్డునుంచి వచ్చినవాడు ఈ మేడలో ఒక్కడే — కాపలావాడు అబ్దుస్సబూర్. ఏసీ గొట్టాలన్నీ అతని చేతిలోనే ఉంటాయి.

మంగళవారం సాయంత్రం మెట్ల కింద అతని గదికి వెళ్ళింది. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని బీన్స్ గింజలు నలిపి రొట్టెలో పెట్టుకుంటున్నాడు.

"రాత్రిళ్ళు డాబా మీద గొట్టం దగ్గర ఏం చేస్తావు నువ్వు?"

"ఏం చేస్తాను మేడమ్, చెమట తుడుచుకుంటాను."

"ఎవరితోనైనా మాట్లాడతావా? మీ ఊరి గురించి... ఏటి గురించి..."

అతను రొట్టె కింద పెట్టాడు. "మీకు కూడా వినిపించిందా?"

"నీకేం వినిపించింది ముందు చెప్పు."

గొంతు తగ్గించాడు. "ఆదివారం రాత్రి... మెట్ల మీద. గోడ లోపలినుంచి ఎవరో కొడుతున్నట్టు. రెండో అంతస్తు దర్జీవాళ్ళు కూడా విన్నారు. మూడో అంతస్తుదే, మీకు తెలియనిదేముంది అన్నాను వాళ్ళతో. దువా చదువుకుని దిగొచ్చేశాను."

"వెళ్ళి చూడలేదా?"

"చూడ్డానికి ఏముంటుంది మేడమ్? నాలుగో అంతస్తంతా సెలవులకి పోయింది. ఒక్క దీపం లేదు. మీదేమో ఆ గది." రొట్టె మళ్ళీ తీసుకున్నాడు. "పిల్లలు గలవాణ్ణి. నేను చూడను."

మరీ తేలిగ్గా చెప్పాడనిపించింది ఫిర్యాల్‌కి. మనల్ని భయపెట్టాలనుకున్నవాడే ముందు తను భయపడ్డట్టు నటిస్తాడు.

ఆ రాత్రి ఏడో కథా, ఎనిమిదో కథా రికార్డు చేశారు. తెల్లారి వాటి చెత్త విన్నప్పుడు ఆమె ఇంకో సంగతి గమనించింది. 

బూ ఘానిమ్ మాట్లాడుతున్నంతసేపూ ఆ గొంతు లేదు.

ఆయన ఆగగానే వస్తుంది. ఆయన మొదలుపెట్టగానే మాయమవుతుంది. ముందు తీసే ఖాళీ అరనిమిషంలో ఒకసారి... కథ మధ్యలో ఆయన నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు ఒకసారి... చివర్లో ఒకసారి. ఒక్కచోట కూడా ఆయన మాట మీద పడలేదు.

అంటే ఎవరో వింటున్నారు. గదిలో ఎవరు ఎప్పుడు నోరు మూస్తారో కనిపెట్టి... అప్పుడే పలుకుతున్నారు.

గదిలో ఉండేది ఒక్క మనిషే. ముగ్గురి గొంతులు ఒక్కడే పలికే మనిషి.

బుధవారం రాత్రి ఫిర్యాల్ అద్దం అవతల కూర్చోలేదు. గదిలోకే స్టూలు తెచ్చుకుని బూ ఘానిమ్ ఎదురుగా కూర్చుంది. ఆయన ఆగినప్పుడల్లా ఆయన కంఠం వైపే చూసింది. పెదవులు చూసింది.

ఆయన కథ ఆపేశాడు.

"కసాయివాడు గొర్రె మెడ చూసినట్టు చూస్తున్నావేంటి బిడ్డా?"

"బాబాయ్... మీరు పెదవులు కదపకుండా కూడా మాట్లాడేవారట కదా."

"మాట్లాడేవాణ్ణి. అయితే?"

ఆమె హెడ్‌ఫోన్లు ఆయన తలకి పెట్టింది. పొరలు తీసిన తునక వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేను చేశాననుకున్నావు."

"తెలియక అడిగాను."

"నేను నిన్ను అనుకున్నాను," అన్నాడు నెమ్మదిగా. "సోమవారం నుంచి నాకూ అప్పుడప్పుడు వినిపిస్తోంది. ముసలాణ్ణి ఆదివారం దాకా భయపెట్టి కథలు ఆపించాలని ఎవరో చేస్తున్నారనుకున్నాను. ఈ గదిలో నీ ఒక్కదాని చెయ్యే కదా తిరిగేది."

ఫిర్యాల్ హెడ్‌ఫోన్లు ఆయన చేతిలోంచి తీసుకుంది.

"ఆపేద్దామా బాబాయ్?"

"ఇంకా రెండే ఉన్నాయి. పిలిచేది నన్నే అయితే... ఆ రెండూ అయ్యేదాకా ఆగమను."

గురువారం ఫిర్యాల్ ఒక పథకం వేసుకుంది. పదకొండో కథ అయ్యాక మైకు తీయలేదు. రికార్డు నడుస్తుండగానే బూ ఘానిమ్‌ని బయటికి పంపి, గదికి తాళం వేసి, తాళంచెవి తన పిడికిట్లో పెట్టుకుంది. అబ్దుస్సబూర్‌ని పైకి పిలిచింది. అతన్నీ బూ ఘానిమ్‌నీ ముందు గదిలో తన కళ్ళెదుట కూర్చోబెట్టింది. ఇరవై నిమిషాలు ఎవరూ లేవలేదు. ఎవరూ మాట్లాడలేదు. అబ్దుస్సబూర్ పూసలు తిప్పుతూనే ఉన్నాడు.

ఇరవై నిమిషాల తర్వాత రికార్డు తీసి, మోత పొరలు ఒక్కొక్కటే ఒలిచింది. ఈసారి హెడ్‌ఫోన్లు కాదు. వాళ్ళిద్దరి మొహాలు చూడాలి కదా. పెద్ద స్పీకర్లలో పెట్టింది.

ఆ గొంతు గదంతా నిండిపోయింది.

ఎప్పుడూ లేనంత ఎక్కువగా పలికింది. ఆగకుండా... ఏడుపులా కాదు. అడుగుతున్నట్టు.

"అమ్మా... నీలు... ఎవరన్నా... నీలు..."

అబ్దుస్సబూర్ చేతిలో పూసలు ఆగిపోయాయి. బూ ఘానిమ్ గోడకి ఆనుకున్నాడు. నటించడం లేదు ఇద్దరూ. అది ఫిర్యాల్‌కి తెలిసిపోయింది. తెలిసి, మొదటిసారి ఆమెకి భయమేసింది. మనుషులు కాకపోతే ఇక—

"మళ్ళీ పెట్టండి మదామ్."

గుమ్మంలో మస్తాన్ నిలబడి ఉన్నాడు. కింది అంతస్తు ఆఫీసులో చాయ్ కాచేవాడు. యాభై ఏళ్ళవాడు. ఏలకుల చాయ్ గ్లాసులు పెట్టుకుని పైకొచ్చాడు. మామూలుగా మూడో అంతస్తు గుమ్మం దాటడు, పళ్ళెం బయట పెట్టి వెళ్ళిపోతాడు.

పళ్ళెం నేల మీద పెట్టి లోపలికొచ్చాడు.

"మళ్ళీ పెట్టండి."

పెట్టింది. మస్తాన్ తల వంచుకుని విన్నాడు.

"ఇది దెయ్యం కాదు మదామ్."

"మరి?"

"ఇది మా మాట. మా దేశంలో మేం మాట్లాడే మాట. తెలుగు." అతని అరబీ ఒక్కసారిగా తడబడింది. "నైలు కాదు మదామ్... నీళ్ళు. నీళ్ళడుగుతోంది. ఎవరో ఆడమనిషి... నీళ్ళు అడుగుతోంది."

ఫిర్యాల్ పిడికిట్లో తాళంచెవి గుచ్చుకుంటోంది. పరుగెత్తి తలుపు తీసింది. గది ఖాళీ. మైకు. పైన జాలీ... గూఁ...

"ఏసీ ఆపు," అంది అబ్దుస్సబూర్‌తో.

"మేడ మొత్తం ఆగిపోతుంది మేడమ్. జనం నన్ను—"

"ఆపు."

అతను డాబా మీదకి పరుగెత్తాడు. కాసేపటికి మోత సన్నబడింది... సన్నబడి... ఆగిపోయింది.

ఆ గదిలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో అంతవరకు ఎవరూ వినలేదు.

టప్... టప్... ఎక్కడో నీటి చుక్క.

మస్తాన్ కుర్చీ ఎక్కి జాలీకి నోరు దగ్గర పెట్టాడు.

"ఎవురు మా పైన?"

టప్...

"నేను మస్తాన్‌ని మా. మాది రాయచోటి. ఇనపడతాందా?"

టప్...

ఇక లేదనుకున్నారు.

"...అన్నా."

మస్తాన్ మునివేళ్ళ మీద లేచాడు. ఫిర్యాల్ కుర్చీ పట్టుకుంది.

"యాడుండావు మా?"

"పద్నాలుగో నెంబరండి... వెనకాల గది. ఇంటోళ్ళు తాళమేసి ఎల్లిపోయారండి."

"ఎప్పుడు పాయిరి?"

"శనోరం. ఇయ్యాల ఏ వారమండి?"

మస్తాన్ మాట మార్చాడు. "నీ పేరేంది మా?"

"ఎస్తేరండి. మాది రాజోలు కాడ. ఈళ్ళింట్లో పని చేత్తానండి." గొంతు ఆగి, మళ్ళీ వచ్చింది. "కుళాయి రావట్లేదండి. ఏసీ కింద కారే నీళ్ళు గిన్నెలో పట్టుకుంటన్నాను... ఇప్పుడయ్యి కూడా ఆగిపోతన్నాయి."

మస్తాన్ ఒక్కో మాటా అరబీలో చెబుతుంటే ఫిర్యాల్ విన్నది. నాలుగో అంతస్తులో పద్నాలుగో నంబరు సరిగ్గా ఈ గది మీదే. ఆ ఇంటి వెనక గది ఏసీ, ఈ గది ఏసీ ఒకే గొట్టం.

అప్పుడే డాబా దిగొచ్చిన అబ్దుస్సబూర్ గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఇల్లు ఖాళీ అన్నారు," అన్నాడు. "టర్కీ పోతున్నాం, ఇంట్లో ఎవరూ లేరు, నీళ్ళ వాల్వు కట్టెయ్యమన్నారు. శనివారం సాయంత్రం... నేనే కట్టేశాను మేడమ్. ఈ చేత్తోనే."

"లే. వాల్వు తిప్పి, యంత్రం మళ్ళీ వెయ్యి. తర్వాత తలుపు పగలగొట్టు," అంది ఫిర్యాల్.

అతను అప్పటికే మెట్ల మీదున్నాడు. మస్తాన్ వెనకే పరుగెత్తాడు. పైనుంచి ఇనుప తలుపు మీద మస్తాన్ దెబ్బలు మొదలయ్యాయి.

బూ ఘానిమ్ పోలీసులకి ఫోన్ చేశాడు. ఎవరు మాట్లాడేదని అవతలివాళ్ళు అడిగితే పేరు చెప్పలేదు, అవసరం లేకపోయింది. చిన్నప్పుడు ఆ గొంతు విననివాళ్ళు ఆ దేశంలో లేరు. "బండి పంపు నాయనా, అంబులెన్సు కూడా పంపు. తర్వాత నేనెవరో ఆలోచిద్దువు గాని," అన్నాడు.

ఫోన్ పెట్టేసి జాలీ కింద నిలబడ్డాడు. పైనుంచి ఏమీ వినిపించడం లేదు.

"బిడ్డా," అని పిలిచాడు. జవాబు లేదు. "ఎస్తేర్."

"...హా."

"పడుకోకు. వస్తున్నారు. మా నాన్న ఒకసారి సముద్రం అడుగున చిక్కుకుపోయాడు. చెప్పనా?"

కాస్త ఆగి, వంటింట్లో నేర్చుకున్న అరబీలో వచ్చింది జవాబు. "చెప్పు బాబా."

పన్నెండో కథ అది. మనవళ్ళ కోసం చివరికి దాచుకున్నది. ఫిర్యాల్ చెయ్యి రికార్డు మీట దాకా వెళ్ళింది. ఆయన తల అడ్డంగా ఊపి, మైకుని పక్కకి జరిపి, మొహం పైకెత్తి జాలీతో చెప్పసాగాడు. యంత్రం మళ్ళీ మొదలై మోత పెరిగింది. మోతని దాటి వినిపించాలని ఆయన గొంతు పెంచాడు. ఆ గొంతు చీలింది, బొంగురుపోయింది, అయినా ఆపలేదు. కెప్టెన్ పెళ్ళాం గొంతు పలికినప్పుడు పైనుంచి సన్నగా నవ్వులాంటిది వినబడింది.

తండ్రి నీళ్ళ పైకి తేలే చోటికి కథ వచ్చేసరికి పైన ఇనుప తలుపు విరిగింది.

శనివారం సాయంత్రం ఫిర్యాల్, మస్తాన్ కలిసి ఆసుపత్రికి వెళ్ళారు. మంచం మీద ఎస్తేరు అరచెయ్యంత మొహంతో ఉంది. నలభై దాటి ఉంటాయి. పెదవులు ఎండి పగిలాయి. చేతికి సెలైన్. వెనక గదిలో రెండు ఎండు రొట్టెలూ గుప్పెడు ఖర్జూరాలూ తప్ప ఏమీ వదల్లేదట ఆ ఇంటివాళ్ళు. ఊరికి ఫోన్ చేస్తుందేమోనని ఫోన్ కూడా లాక్కుని వెళ్ళారట. విమానం దిగగానే వాళ్ళని పట్టుకుంటారని పోలీసులు చెప్పి వెళ్ళారు. అబ్దుస్సబూర్ రెండు రోజులుగా ఆ వార్డు బయటే కూర్చుంటున్నాడు, లోపలికి రావడం లేదు.

మర్నాడే ఆపరేషన్ ఉన్న బూ ఘానిమ్ ఒక డబ్బా ఖర్జూరం హల్వా పంపాడు. గురువారం రాత్రి నుంచి ఆయనకి మాట రావడం లేదు.

మస్తాన్ మంచం పక్కన కూర్చున్నాడు. "మూడు దినాలు తలుపు కొడితివంట కదా మా?"

"కొట్టేనండి. ఎవరూ రాలేదండి. తర్వాత చేతులు లేవలేదు. మొదటి రాత్రే ఆ గొట్టంలోంచి పెద్దాయన మాటలు ఇనపడ్డాయండి. కింద మడుసులున్నారు కదా అని ఆ గొట్టం కాడే పడుకున్నాను. పిలుత్తానే ఉన్నాను."

ఫిర్యాల్ మస్తాన్ వైపు వంగి ఏదో అడిగింది. నాలుగు రోజులుగా ఆమెను తినేస్తున్న ప్రశ్న అది. మస్తాన్ దాన్ని తెలుగులోకి తిప్పాడు.

"ఈ మదామ్ ఒక మాట అడగతాంది మా. పెద్దాయన మాట్లాడేటప్పుడు నువ్వు ఒక్కసారి గూడా పిలవలేదంట. ఆయన నిలిపినప్పుడే పిలిచినావంట. ఎందుకట్ల?"

ఇందులో అడగడానికేముందన్నట్టు చూసింది ఎస్తేరు.

"పెద్దాయన అంత ఇదిగా కథ చెప్తంటే మజ్జిలో ఎలా పిలుత్తామండి?" అంది. "ఆపినప్పుడైతే... ఎవరో ఒకరు ఇంటారు గదా అని."

మస్తాన్ ఆ మాట అరబీలో చెప్పాడు.

 ఆయన ఆపిన ప్రతి చోటా చప్పుడు కత్తిరించి మూసేసింది ఫిర్యాలే.